తెర మీద చేపలు

సఖినేటిపల్లి,
4-8-1998.

చిరంజీవి సూరిబాబుకు బావ బుల్లిరాజు దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. రేవు దాటించే పంటు రెండు రోజులు ఆపేసి నిన్ననే మళ్ళీ వేశారు. మీ అక్కకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, నా మీద కోపం మాత్రం తగ్గలేదు. రిటైరయ్యాక మనిషి ఇంటిపట్టున ఉంటాడనుకుందట. టెలిఫోన్ స్తంభాలు ఎక్కడం మానేశాను గాని గాలం వేయడం ఎలా మానతాను? ఏనాడూ చేపను అమ్మింది లేదు. పట్టడంలో ఉన్న సరదా కోసమే పడతాను. ఆ సంగతి నీకు తెలుసు, మీ అక్కకు తెలిసినా ఒప్పుకోదు.

ఇప్పుడు నీతో ఒక పని పడింది. పోయిన నెల రాజోలు లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక తిరగేస్తుంటే బొమ్మ ఒకటి కనిపించింది. పడవ అడుగున బిళ్ళలాంటిది కడతారట, పడవలో చిన్న టీవీలాంటిది పెడతారట. నీళ్ళ లోతు, అడుగున ఉన్న గుంటలు, మధ్యలో తిరిగే చేపలు అన్నీ తెర మీద కనబడతాయట. ఫిష్ ఫైండర్ అంటారట దాన్ని. మీ మస్కట్‌లో సముద్రం పక్కనే ఉంది కాబట్టి పడవ సామాన్లు అమ్మే దుకాణాలు ఉండకపోవు. ఒకసారి కనుక్కో.

నాకు కావలసింది చెబుతాను. మన వశిష్ట గోదావరి ఎంత లోతున్నా పది బారలు దాటదు. సముద్రంలో వాడే పెద్ద మిషను వద్దు. బురద నీళ్ళలో పని చెయ్యాలి. ఉప్పు తగిలినా పాడవకూడదు. స్కూటర్ బ్యాటరీతో నడవాలి. ఎండలో కూడా బొమ్మ పెద్దదిగా, స్పష్టంగా కనబడాలి. మోతలూ గంటలూ అక్కర్లేదు. ఖరీదు మన రూపాయల్లో నాలుగు వేలు దాటకూడదు. డబ్బు మీ అమ్మగారి చేతికి ముందే ఇచ్చేస్తాను.

తొందరేం లేదు. వరద తగ్గేసరికి అక్టోబరు అవుతుంది.

నీ బావ,
బుల్లిరాజు

తమ్ముడూ, ఈ ఉత్తరం అంటించబోతూ చదివేశాను. చేప ఎక్కడుందో చూపించే మిషను తర్వాత, పొద్దున్న పోయిన మగమనిషి ఎక్కడున్నాడో చూపించే మిషను ఉంటే ముందు అది పంపించు. ఒంట్లో జాగ్రత్త. – సరోజిని


మస్కట్,
25-8-1998.

పూజ్యులైన బావగారికి సూరిబాబు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా గదిలో అందరికీ వినిపించాను. ఏసీ మెకానిక్కుల గదిలో ఇంత నవ్వు విని చాలా రోజులైంది. అక్క అడిగిన మిషను ఇక్కడ కూడా రాలేదని చెప్పండి.

శుక్రవారం సెలవు కదా, రేవు దగ్గర పడవ సామాన్ల కొట్టుకు వెళ్ళాను. అమ్మే అబ్బాయి మలయాళీ, ఓపికగా చెప్పాడు. మూడు రకాలున్నాయి. మొదటిది అన్నిటికన్నా చౌక. గడియారంలా గుండ్రంగా ఉంటుంది, చేప తగిలినప్పుడు ఒక దీపం మిణుకుమంటుంది. బొమ్మ ఉండదు. అది మీకు నచ్చదు. మూడోది రంగుల తెర, దాని ధరకు మన ఊళ్ళో నావే వస్తుంది. రెండోదే మీరు చెప్పినట్టుంది. నలుపు తెలుపు తెర, అరచేతి కన్నా కొంచెం పెద్దది. అడుగు నల్లగా గీతలా కనబడుతుంది, చేపలు చేపల్లాగే కనబడతాయి.

ఒక సంగతి నేర్చుకున్నాను. నీళ్ళలో వేసే బిళ్ళ నుంచి శబ్దం లాంతరు వెలుగులా కిందికి విచ్చుకుంటూ పోయి, దేనికైనా తగిలి తిరిగొస్తుందట. సన్నగా పోయేది లోతు సముద్రానికి, వెడల్పుగా విచ్చుకునేది మనలాంటి తక్కువ లోతుకి. ఈ రెండోది వెడల్పుది. ధర మాత్రం అరవై రెండు రియాళ్ళు. మన లెక్కలో ఏడు వేలకు దగ్గర. బేరం ఆడి చూస్తాను.

మీరు మోత వద్దన్నారు గాని, దాని గొప్పంతా మోతలోనే ఉందండీ. చేప రాగానే కుయ్‌మంటుంది, తెర వంకే చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఎందుకు వద్దన్నారు? అయినా అబ్బులు మావయ్య పక్కన ఉండగా మీకు మిషను ఎందుకు? ఆయన పంటు నడుపుతూనే ఎక్కడ చేప ఉందో చెప్పేవారు కదా.

మీ
సూరిబాబు


సఖినేటిపల్లి,
14-9-1998.

చిరంజీవి సూరిబాబుకు,

మోత ఎందుకు వద్దన్నానని అడిగావు. దాచి రాసినందుకు నాకే సిగ్గేసింది. మిషను నాకు కాదు, అబ్బులుకి.

వాడు చేపను వెతికే తీరు నీ చిన్నప్పుడు చూసే ఉంటావు. తెడ్డు నీళ్ళలోకి దించి, పిడికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. అడుగున రొయ్యలు చిటపటలాడుతుంటే వాడికి వినబడుతుంది. రొయ్య ఉన్న చోటికి పండుగప్ప చేప వస్తుంది. ముప్పై ఏళ్ళలో వాడు చెప్పిన చోట గాలం వేసి ఖాళీగా వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కాని ఆ ముప్పై ఏళ్ళూ వాడు పంటు ఇంజను పక్కన నిలబడి దాన్ని నడిపిన సరంగు. చెవులు మెల్లగా పోతూ వచ్చాయి. ఇప్పుడు ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు, అంతే. కాకినాడ తీసుకెళ్ళాను. నరం దెబ్బతిందనీ, చెవిలో పెట్టే మిషనుతో హోరు తప్ప ఏమీ రాదనీ డాక్టరు చెప్పేశాడు.

జూన్‌లో ఒక ఉదయం ఇద్దరం వెళ్ళాం. వాడు తెడ్డుకు కుడిచెవి పెట్టాడు. చాలాసేపయ్యాక ఎడమ చెవి పెట్టాడు. “ఇక్కడేం లేవురా, పద” అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే వాడి వెనక రెండు బారల దూరంలో పండుగప్ప ఎగిరి పడింది. నీళ్ళు వాడి వీపు మీద చిందాయి. వాడు తిరిగి అలల వంక చూసి, తర్వాత నా మొహం చూశాడు. నేను చూడనట్టు గాలం సర్దుకుంటూ కూర్చున్నాను. అదే తప్పయిందేమో. ఏదో ఒకటి అని నవ్వేయాల్సింది.

ఆ రోజు నుంచి వాడు పడవ ఎక్కలేదు. ఇంటికి వెళితే వాడి భార్య సూరమ్మగారు గుమ్మంలోనే నన్ను ఆపి, “ఏం చెప్పమంటారండీ అన్నయ్యగారూ, రేడియో కూడా అటకెక్కించేసేరు. అన్నం తినమన్నా పలకరు, ఆయ్” అని కళ్ళు తుడుచుకున్నారు.

చెవులకు అందనిది వాడి కళ్ళకు అందితే చాలని నా ఆశ. ఈ సంగతి వాడికి తెలియకూడదు. నా సరదాకు కొన్నాననే చెబుతాను. జాలిపడ్డానని తెలిస్తే జన్మలో నా పడవ ఎక్కడు. నాలుగు వేలకు రాకపోతే ఇంకో వెయ్యి వేసుకుంటాను గాని, అంతకు మించి నా పెన్షను ఒప్పుకోదు.

నీ బావ


మస్కట్,
12-10-1998.

బావగారికి నమస్కారాలు.

శుభవార్త. మిషను కొన్నాను. నేను చెప్పిన రెండోదే. బేరం ఆడగా ఆడగా దిగాడు, మీరు మొదట చెప్పిన నాలుగు వేలలోనే వచ్చేసింది. ఆ ఇంకో వెయ్యి మీ దగ్గరే ఉంచండి.

కాట్రేనికోన ప్రకాష్ వచ్చే నెల మొదట్లో సెలవు మీద వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను. అట్టపెట్టె ప్రయాణంలో నలిగిపోతుందని తీసేసి, మిషనును తువ్వాళ్ళలో చుట్టాను. దానితో ఇచ్చిన పుస్తకం అరబ్బీలో ఉంది, మీకు పనికిరాదని నేనే విషయాలు రాసిస్తున్నాను. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్సుకు, నల్ల తీగ మైనసుకు. బిళ్ళను పడవ వెనక భాగంలో, నీళ్ళలో జానెడు మునిగేలా కర్రకు కట్టండి. దాని కింద గాలిబుడగలు చేరకూడదు. తర్వాత పెద్ద బటన్ నొక్కితే చాలు. మోత ఆపేసి పంపిస్తున్నాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. అబ్బులు మావయ్య నన్ను పంటులో ఇంజను గది పక్కన నిలబెట్టుకుని చక్రం తిప్పనిచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆయన మళ్ళీ పడవ ఎక్కారన్న మాట మీ ఉత్తరంలో చదవాలని ఉంది.

మీ
సూరిబాబు


సఖినేటిపల్లి,
23-11-1998.

చిరంజీవి సూరిబాబుకు,

నీ నోట్లో పంచదార పొయ్యాలి. ఎక్కాడయ్యా, అబ్బులు పడవ ఎక్కాడు!

ప్రకాష్ మిషను తెచ్చిచ్చిన మర్నాడే దాన్ని చంకన పెట్టుకుని వాడింటికి వెళ్ళాను. “దీని తీగలు నాకు అర్థం కావట్లేదురా, నువ్వు ఇంజన్లు చూసినవాడివి కదా” అన్నాను. తిప్పి తిప్పి చూశాడు. చొక్కా తొడుక్కున్నాడు. సూరమ్మగారు వెనక నుంచి నాకు దణ్ణం పెట్టారు.

బిళ్ళ కట్టాం, బటన్ నొక్కాం. ఏం చెప్పను! తెర నిండా చేపలే. పెద్దవి, చిన్నవి, గుంపులు గుంపులుగా కుడి నుంచి ఎడమకు పోతున్నాయి. నాకు కాళ్ళు నిలవలేదు. ఇన్నేళ్ళూ ఇంత సంపద మీద తెడ్డు వేసుకుంటూ తిరిగామా అనిపించింది.

అయితే మూడు ఆదివారాలైనా గాలానికి ఒక్కటీ తగల్లేదు. ఎర మార్చాం, బతికున్న రొయ్య వేశాం, సముద్రపు పోటుకీ పాటుకీ వెళ్ళి చూశాం. తెర మీద చేపలు ఎర పక్కనుంచే పోతున్నాయి, నోరు మాత్రం తెరవట్లేదు. అబ్బులు మొదటి రోజు సరదాగానే చూశాడు. ఇప్పుడు మొండికేస్తున్నాడు. “ఇక్కడ నాలుగు బారల లోతురా, మిషను ఎనిమిది అంటోంది. పంటు తిప్పిన చోటు నాకు తెలీదా?” అంటాడు. వరదకు అడుగు కోసుకుపోయి ఉంటుందని నేనంటాను. చేపలు ఉండి కూడా గాలానికి ఎందుకు పడట్లేదో నువ్వేమన్నా ఆ మలయాళీ అబ్బాయిని అడిగి రాయి.

నీ బావ


మస్కట్,
6-12-1998.

బావగారికి నమస్కారాలు.

మావయ్య పడవ ఎక్కారన్న వాక్యం దగ్గరే నాకు సగం బరువు దిగిపోయింది.

చేపలు పడకపోవడానికి మిషను ఏం చేస్తుంది చెప్పండి? అది చేప ఉన్న చోటు చూపిస్తుంది, చేప నోరు తెరిపించదు. కొత్త మిషను అబద్ధం ఆడదు బావగారూ. వరదకు అడుగు కోసుకుపోయిందన్న మీ మాటే నిజం. అబ్బులు మావయ్యది పాత లెక్క. ఆయన చెవుల మీద ఎన్నాళ్ళు ఆధారపడతారు, మీకు కళ్ళెదుట తెర ఉంది కదా. ఓపిక పట్టండి, తెర చెప్పినట్టు వినండి.

ఇక్కడ చలి మొదలైంది. ఏసీలు ఆపేస్తారు కాబట్టి మాకు పని తక్కువ.

మీ
సూరిబాబు


సఖినేటిపల్లి,
28-12-1998.

తమ్ముడు సూరిబాబుకు అక్క సరోజిని ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు మీ బావగారికి తెలియదు. ఆయన నీకు రాయరు, రాసినా ఇది రాయరు.

నీ ఉత్తరం వచ్చిన తర్వాతి ఆదివారం ఇద్దరూ రేవులో గట్టిగా వాదించుకున్నారు. అబ్బులు అన్నయ్యగారు ‘ఇక్కడ చేప లేదు’ అంటే ‘ఉంది’ అని ఈయన. పంటు కోసం నిలబడ్డ జనమంతా చూస్తున్నారట. ఈయనకు పౌరుషం వచ్చి నీ ఉత్తరం జేబులోంచి తీసి అన్నయ్యగారి చేతిలో పెట్టేరట. “ఇదిగో, చదువు. చెవులు పోతే పోయేయి, బుద్ధి కూడా పోయిందా?” అని అరిచేరట. అన్నయ్యగారు ఉత్తరం మొత్తం చదివి, మడిచి, తిరిగి ఈయన జేబులోనే పెట్టి, ఇంటికి వెళ్ళిపోయేరట. ఇదంతా నాకు సూరమ్మ వదిన చెప్పింది. ఈయనైతే ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చుని లేస్తున్నారు. రెండుసార్లు వాళ్ళ వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేరు.

ఇంకో సంగతి. నిన్న మిషను దుమ్ము దులుపుదామని తీశాను. బిళ్ళ తీగ ఊడి పక్కన పడి ఉంది. బ్యాటరీ తీగలు మాత్రం తగిలించే ఉన్నాయి. నా చెయ్యి తగిలి బటన్ నొక్కుకుపోయింది. తెర మీద చేపలు బయల్దేరేయి. ఒరే తమ్ముడూ, మిషను మా పెరటి అరుగు మీద, ఎండేసిన వడియాల పక్కన ఉంది. అక్కడ చేపలెక్కడివిరా? ఒక పెద్ద చేప, వెనక మూడు పిల్లలు, తర్వాత ఒక గుంపు. ఆ గుంపు అయ్యేక మళ్ళీ అదే పెద్ద చేప. నేను వంట మానేసి అరగంట చూశాను. అవే తిరిగి తిరిగి వస్తున్నాయి.

మీ బావగారికి చూపిద్దామంటే ధైర్యం చాలలేదు. మిషను మాట విని స్నేహితుణ్ణి అంత మాట అన్న మనిషికి ఇది ఎలా చెప్పను? నువ్వు కొన్నావు, నువ్వే చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

అక్క


మస్కట్,
13-1-1999.

బావగారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. ఫోన్ చేద్దామని బూత్ దాకా వెళ్ళి, మీ గొంతు విని చెప్పలేనని వెనక్కి వచ్చాను.

నేను పంపింది కొత్త మిషను కాదండీ. కొట్టువాడు బేరానికి ఒక్క రియాలు కూడా దిగలేదు. నేను బయటికి వస్తుంటే, అద్దాల బీరువాలో ఏడాదిగా జనానికి చూపించడానికి పెట్టిన మిషను ఉంది, అది సగం ధరకు ఇస్తానన్నాడు. పెట్టె లేదు, పుస్తకం లేదు. అట్టపెట్టె నలుగుతుందనీ, పుస్తకం అరబ్బీలో ఉందనీ నేను అల్లినవే. మీ ఉత్తరం చదివాక ఎలాగైనా మీరనుకున్న ధరలో పంపాలనిపించింది. పాతది అని చెబితే బావగారి ముందు చిన్నవాణ్ణి అవుతానని దాచాను.

అక్క రాసిన ఉత్తరం పట్టుకుని కొట్టుకు వెళ్ళాను. అతను తల పట్టుకున్నాడు. కొట్టులో నీళ్ళుండవు కదా, అందుకని మిషన్లను బొమ్మ ఆట ఆడేలా పెడతారట. కొనేవాళ్ళకు చూపించడానికి ఉత్తుత్తి చేపలు, ఉత్తుత్తి లోతు. తెర పైన కుడి మూలన సన్నటి ఇంగ్లీషు అక్షరాలు మూడు, ఎస్ ఐ ఎం అని ఉంటాయి చూడండి. దాని అర్థం అదే. అమ్మేటప్పుడు ఆ ఆట తీసెయ్యడం అతను మరిచిపోయాడు, అడగడం నేను మరిచిపోయాను.

మిషను బాగానే ఉంది. బాణం గుర్తు బటన్, పెద్ద బటన్ రెండూ కలిపి పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచండి. పట్టిక వస్తుంది. రెండో వరుసలోకి వెళ్ళి మళ్ళీ పెద్ద బటన్ నొక్కండి. ఆ అక్షరాలు పోతాయి.

మావయ్యే నిజం చెప్పారు. చేప లేదు. లోతు నాలుగు బారలే. అబద్ధం ఆడింది నేను. ‘చెవుల మీద ఎన్నాళ్ళు ఆధారపడతారు’ అని రాసిన చెయ్యి ఇదే. అప్పుడే నాకు లోపల అనుమానం తగిలింది, మిషను పాతదని తెలుస్తుందేమోనన్న భయంతో మరీ గట్టిగా రాశాను. ఈ ఉత్తరం మావయ్యకు చూపించండి. నన్ను ఏమన్నా అననివ్వండి.

సూరిబాబు


సఖినేటిపల్లి,
9-2-1999.

చిరంజీవి సూరిబాబుకు,

ముందే చెబుతున్నాను, అందరం క్షేమం. ఆ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

నీ ఉత్తరం పోయిన నెల ఇరవై ఎనిమిదిన, గురువారం పదకొండు గంటలకు వచ్చింది. వీధిలో నిలబడే చదివాను. నీ మీద కోపం రావాల్సింది, రాలేదు. నా మీద నాకే వచ్చింది. చెప్పులు వేసుకోకుండా అబ్బులు ఇంటికి పరిగెత్తాను.

సూరమ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. “తెల్లారగానే వెళ్ళేరండీ. పాత దోనె తీసుకుని, అంతర్వేది వైపు. పదింటికల్లా వచ్చేస్తానన్నారు, ఇంకా రాలేదండీ” అన్నారు. ఆ వారం అంతర్వేదిలో నరసింహస్వామి తీర్థం, పెద్ద జాతర. జనాన్ని కుక్కుకుని లాంచీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వెనక నుంచి లాంచీ వచ్చి హారన్ కొడితే వాడికి వినబడదు. దోనె ఎంతుంటుంది, మనిషి పొడవుకు కొంచెం ఎక్కువ.

రేవులో బయల్దేరబోతున్న లాంచీకి అడ్డం నిలబడ్డాను. సరంగు వీరన్న ఒకప్పుడు అబ్బులు చేతి కింద పని నేర్చినవాడు. విషయం చెప్పగానే, “ఎక్కండి బాబాయిగారూ” అని ఒక్క మాట అన్నాడు. తీర్థం జనం కూడా గోలచెయ్యలేదు, అందరూ రెండు వైపులా చేరి నీళ్ళు చూడడం మొదలుపెట్టారు.

గంట సేపు చూశాం. ముందు దోనె కనబడింది, బోర్లా పడి, కొట్టుకుపోతూ. లాంచీలో ఒక ముసలమ్మ ‘నరసింహస్వామీ’ అని ఏడ్చేసింది. నేను ఆ దోనె వంక చూడలేక తల తిప్పుకున్నాను. తిప్పుకున్న వైపే, చాలా దూరంగా, నది మధ్యలో ఇసుక మేట మీద మనిషి నిలబడి ఉన్నాడు. మొల లోతు నీళ్ళు. మాకు వీపు పెట్టి సముద్రం వైపు చూస్తున్నాడు. ఏదో లాంచీ అలకు దోనె తిరగబడితే ఈదుకుంటూ మేట ఎక్కాడట. ఎక్కినప్పుడు మోకాళ్ళ లోతే. తర్వాత సముద్రపు పోటు మొదలైంది.

వీరన్న హారన్ మీద హారన్ కొట్టాడు. యాభై మంది ఒక్కసారి కేకేశారు. వాడు తిరగలేదు. మేట దగ్గరికి లాంచీ వెళితే ఇసుకలో కూరుకుపోతుంది. అప్పుడు నేను నీళ్ళలోకి దిగాను. ఎవరో తాడు నా నడుముకు కట్టారు. మెడ లోతు ఒక చోట, ఛాతీ లోతు ఒక చోట, ఎలాగో వెళ్ళాను. వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి తిరిగాడు. నన్ను చూసి, “నువ్వెందుకొచ్చేవురా, నీకు ఈత సరిగ్గా రాదు కదా!” అన్నాడు. నలభై రోజుల తర్వాత వాడు నాతో మాట్లాడిన మొదటి మాట అది.

ఇద్దరినీ తాడు పట్టి లాగారు. లాంచీ మీద వాడి ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అంతా చెప్పాను. నీ ఉత్తరం తీయబోతే జేబులో ముద్దయిపోయింది, సిరా అంతా నా చొక్కాకే అంటింది. మిషను కొట్టులో ఆడే ఆట ఆడిందనీ, నది మధ్య వాడు చెప్పినదే నిజమనీ చెప్పాను. “నిన్ను అంత మాట అన్నాను, నన్ను క్షమించరా” అన్నాను. వాడు నా పెదాల వంకే చూసి, “అంటే నేను చెప్పినప్పుడు నిజంగానే చేపల్లేవా?” అని అడిగాడు. “లేవు.” “నాలుగు బారలేనా?” “నాలుగే.” అప్పుడు వాడు ఊపిరి వదిలాడు చూడు, లాంచీ ఇంజను ఆగినట్టనిపించింది. ఇన్నాళ్ళూ తన బుద్ధి కూడా పోతోందేమోనని లోపల కుమిలిపోయాడట. మిషను చూపించేది తనకు తెలియకపోవడం, తెలిసినది మిషను ఒప్పుకోకపోవడం చూసి, ఆ రోజు దానితో పని లేకుండా ఒక్కసారి తనంతట తనే చేప పట్టి చూద్దామని బయల్దేరాడట.

మిషను కొన్నది ఎవరికోసమో కూడా చెప్పేశాను. కోపం వస్తుందనుకున్నాను. “ఆ ముక్క ముందే చెప్పుంటే దాన్ని నేను ఇంకొంచెం ఓపిగ్గా చూసేవాణ్ణి కదా” అన్నాడు.

పది రోజులు ఆడవాళ్ళిద్దరూ మమ్మల్ని గడప దాటనివ్వలేదు. మొన్న ఆదివారం, తీర్థం లాంచీలు లేవని ఒట్టేసి వెళ్ళాం. నువ్వు చెప్పినట్టు రెండు బటన్లూ నొక్కాను. ఆ మూడక్షరాలు పోయాయి. అవి కంపెనీ పేరనుకున్నాను ఇన్నాళ్ళూ. తెర ఖాళీ అయిపోయింది. కింద అడుగు ఒక నల్లగీత, లోతు ఇరవై నాలుగు అడుగులు, నాలుగు బారలు. ఇంకేమీ లేదు. అబ్బులు తెర మీద వేలు పెట్టి, “ఇప్పుడు నమ్ముతాను. ఏమీ లేనప్పుడు ఏమీ లేదంటోంది” అన్నాడు.

తర్వాత వాడు తెడ్డేస్తూ నడిపించాడు, నేను బిళ్ళ పట్టుకున్నాను. గీత ఎక్కడ వంగిందో, ఎక్కడ గుంట పడిందో చూస్తూ, పాత రోజుల్లో విన్న చోట్లను వాడు తెర మీద ఒక్కొక్కటే గుర్తుపట్టాడు. “ఇది మునిగిపోయిన పాత పంటు. ఇక్కడ రొయ్య ఉండాలి” అన్నాడు. గీతకు పైన సన్నగా మసకలాంటిది వచ్చింది. దాని పైన ఒకే ఒక్క గుర్తు. వాడు నా చెయ్యి నొక్కి, ఎర దించాడు.

ఆరున్నర కిలోల పండుగప్ప. పైకి లాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. లాగినంతసేపూ వాడు పాటలాంటిది ఏదో మూలుగుతున్నాడు, వాడికే వినబడదు కాబట్టి శ్రుతి అదోలా ఉంది. నేను ఆపలేదు.

నీ మీద ఎవరికీ కోపం లేదు. ఇంకెప్పుడైనా పాతది పంపితే పాతదని రాయి, మాకు పాతవంటే చిన్నచూపేమీ లేదు, మేమూ పాతవాళ్ళమే. మీ అక్క చేప పులుసు పెట్టి రెండిళ్ళకూ పంచింది. వడియాల దగ్గర ఆ చేపలను పట్టుకున్నది తనేనని ఊరంతా చెప్పుకుంటోంది, చెప్పుకోనీ. అబ్బులు కూడా నీకు రాస్తానంటున్నాడు. ఇదే కవర్లో పెడుతున్నాను. వాడు రాసింది నన్ను చదవనివ్వలేదు.

నీ బావ,
బుల్లిరాజు


సూరిబాబుకు అబ్బులు మావయ్య రాసేది.

నువ్వు బెంగ పెట్టుకోకు. నీ మిషను మంచిది. దాని చేత ఆట ఆడించినవాళ్ళదే తప్పు. మొన్న ఆదివారం నేనే ముందు లేచి మీ బావ గుమ్మంలో నిలబడ్డాను. సూరమ్మ రేడియో అటక మీంచి దింపింది, తనైనా వింటుంది కదా అని నేనే దింపమన్నాను.

మీ బావ ఎలా రాశాడో తెలియదు గాని, తన సంగతి సగం దాచేసే ఉంటాడు. ఆ రోజు మేట మీద నాకు మొదటిసారి భయం వేసింది. నీళ్ళకు కాదు. ఎవరైనా వచ్చి పిలిచినా నాకు తెలియదే, పిలిచి పిలిచి వెళ్ళిపోతారేమో అని. అప్పుడు భుజం మీద చెయ్యి పడింది. తిరిగితే వీడు. గొంతు దాకా తడిసి, వణుకుతూ, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. నేను చూడలేదనుకుని మొహం కడుక్కున్నాడు.

లాంచీ మీద క్షమించమని అడిగేక, పక్కకు జరిగి కూర్చున్నాడు. నాకు వినబడదు కదా అని తిట్టడం మొదలెట్టేడు. దోనెను తిట్టేడు, తీర్థాన్ని తిట్టేడు, చివరికి నన్ను పట్టుకున్నాడు. ముసలి మొండోడని, మునిగి చచ్చి ఉంటే తను ఎవరితో గాలానికి వెళ్ళాలని, రేవు వచ్చేదాకా ఆపలేదు. పెదాలు కనబడుతూనే ఉన్నాయి, ఒక్క మాట కూడా పోలేదు. పొద్దున్న నుంచి ఏమీ తినలేదేమో, ఆ తిట్లన్నీ తిన్నాను. కడుపు నిండిపోయింది.

అబ్బులు